ఎవరు ఎవర్ని ఉదహరించారు: వ్యవస్థాపకత పరిశోధనకు పటం గీయడం

పరిశోధన వ్యాసం చదివేవాళ్లలో చాలామంది రిఫరెన్సుల దగ్గరికి రాగానే ఆగిపోతారు. పేర్లు, సంవత్సరాలు, పత్రికలు, పేజీ నంబర్లు. ఒక్క పట్టికను విడిగా చూస్తే అది చెప్పేది తక్కువే. కానీ ఒక రంగంలో ఇరవై ఏళ్లపాటు వచ్చిన వ్యాసాల పట్టికలన్నీ ఒకచోట పోసి లెక్కపెడితే, ఎవరు ఎవర్ని చదువుతున్నారో, ఎవరి మాట ఎవరి దాకా చేరడం లేదో బయటపడుతుంది. వ్యవస్థాపకత, అంటే ఆంత్రప్రెన్యూర్‌షిప్ మీద జరిగే పరిశోధనను అర్థం చేసుకోవడానికి ఈ పద్ధతి బాగా పనికొచ్చింది. ఆ పటాల మీద తొందరపడి తీర్పులు చెప్పినవాళ్లూ ఉన్నారు. పటం ఎలా తయారవుతుందో లోపలి నుంచి చూస్తే తప్ప దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియదు.

ఈ రంగానికి పటం ఎందుకు అవసరమైందో ముందు చూద్దాం. కొత్త వ్యాపారం ఎలా పుడుతుంది, దాన్ని పుట్టించే మనిషి ఎవరు అనే ప్రశ్న ఏ ఒక్క శాస్త్రం సొత్తూ కాదు. 1755లో అచ్చయిన ఆర్థికవేత్త కాంటిలాన్ పుస్తకంలో వ్యవస్థాపకుడంటే తెలిసిన ధరకు కొని, ఎంతకు అమ్ముడుపోతుందో తెలియకుండా అమ్మే మనిషి. ఇంకో ఆర్థికవేత్త షుంపీటర్‌కు అతను ఉన్న వనరుల్నే కొత్తగా కలిపి పాత పద్ధతిని తలకిందులు చేసేవాడు. ఫ్రాంక్ నైట్ 1921లో లెక్కకు అందే రిస్కును, లెక్కకు అందని అనిశ్చితిని విడదీసి, రెండోదాన్ని నెత్తిన వేసుకునేవాడికే లాభం దక్కుతుందన్నాడు. మనస్తత్వ శాస్త్రం నుంచి వచ్చిన మెక్‌క్లెలాండ్ 1961లో ఏదో సాధించాలనే తపన గురించి మాట్లాడాడు. సమాజశాస్త్రవేత్త స్టించ్‌కోంబ్ 1965లో కొత్త సంస్థలు కొత్తవి కావడం వల్లే ఎక్కువగా మూతపడతాయని వాదించాడు. 1973లో కిర్జ్‌నర్ ఎవరూ గమనించని లాభావకాశాన్ని పసిగట్టే చురుకుదనం గురించి రాశాడు. పదం ఒకటే, దాని వెనక ఉన్న మనిషి మాత్రం ప్రతిచోటా వేరు. మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఇది ప్రత్యేక రంగంగా నిలదొక్కుకునేసరికి, పునాదులు ఒక్కొక్కటీ ఒక్కో ఇంట్లో ఉన్నాయి. వీళ్లంతా ఒకే విషయం గురించి మాట్లాడుతున్నారా అనే అనుమానం రంగంలోపలే మొదలైంది. ఆ అనుమానాన్ని అభిప్రాయాలతో కాకుండా లెక్కతో తేల్చే దారి సైటేషన్ డేటా, అంటే ఎవరు ఎవర్ని ఉదహరించారన్న వివరాలు, చూపించింది.

ఉదాహరింపుల్ని పోగేసే ఆలోచన న్యాయవాదుల దగ్గర పుట్టింది. ఒక తీర్పును తర్వాతి తీర్పుల్లో ఎక్కడెక్కడ ప్రస్తావించారో, సమర్థించారో కొట్టేశారో చూపించే షెపర్డ్స్ సూచీలు అమెరికాలో 1873 నుంచీ ఉన్నాయి. యూజీన్ గార్‌ఫీల్డ్ దాన్ని చూసి, శాస్త్ర వ్యాసాలకూ అలాంటి సూచీ ఉండాలని 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించాడు. 1960లలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది. సాంఘిక శాస్త్రాలకు ఇంకో సూచీ 1970లలో వచ్చింది. ఒక తేడా గమనించాలి. న్యాయవాదుల సూచీ ఆ తీర్పును సమర్థించారా, వ్యతిరేకించారా అన్నది గుర్తులతో చెప్పేది. శాస్త్రాలకు వచ్చిన సూచీలో ఆ గుర్తులు లేవు. ఉదహరించారు, అంతే. ఈ లోటు దగ్గరికి చివర్లో మళ్లీ వస్తాను.

పటం గీయడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఈ రెంటినీ కలగలిపి చెప్పడం వల్లే సగం అయోమయం.

మొదటిది కో-సైటేషన్. ఇందులో పటంలో ఒక్కో రచన ఒక చుక్క. రెండు పాత రచనల్ని ఒకే కొత్త వ్యాసం ఉదహరిస్తే, ఆ రెండింటి మధ్య ఒక గీత పడుతుంది. ఇంకో వ్యాసం కూడా రెంటినీ ఉదహరిస్తే గీత కొంచెం లావవుతుంది. ఊళ్లో ఇద్దరి పేర్లు ఎప్పుడూ జంటగానే వినిపిస్తుంటే వాళ్ల మధ్య ఏదో సంబంధం ఉందని అనుకుంటాం కదా, అలాంటిదే. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసి ఉండకపోవచ్చు. వాళ్లను కలిపింది మాట్లాడేవాళ్లు. 1973లో అమెరికాలో హెన్రీ స్మాల్, సోవియట్ యూనియన్‌లో ఇరీనా మార్షకోవా ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ పద్ధతిని ప్రతిపాదించారు.

రెండోది బిబ్లియోగ్రాఫిక్ కప్లింగ్. ఎం.ఐ.టి.లో కెస్లర్ 1963లో చెప్పింది. ఇక్కడ దిశ తిరగబడుతుంది: రెండు కొత్త వ్యాసాల రిఫరెన్సుల్లో ఉమ్మడిగా ఉన్నవి ఎన్ని? ఎక్కువ ఉంటే ఆ రెండూ ఒకే పుస్తకాలు చదివి రాసినవన్నమాట.

ఈ రెండింటి మధ్య అసలు తేడా కాలంలో ఉంది. కప్లింగ్ బంధం వ్యాసం అచ్చయిన రోజే స్థిరపడిపోతుంది. రిఫరెన్సులు ఇక మారవు కాబట్టి బంధమూ మారదు. కో-సైటేషన్ అలా కాదు. 1961 నాటి పుస్తకానికీ 1988 నాటి వ్యాసానికీ మధ్య గీత ఇవాళ్టికీ లావెక్కుతూనో, కొత్తవాళ్లు పట్టించుకోక వెలిసిపోతూనో ఉంటుంది. కాబట్టి రంగం పునాదులు చూడాలంటే కో-సైటేషన్, ఇప్పుడు ఏ పనులు సాగుతున్నాయో చూడాలంటే కప్లింగ్. నిన్న వచ్చిన వ్యాసాన్ని ఇంకా ఎవరూ ఉదహరించి ఉండరు, కో-సైటేషన్ పటంలో అది కనిపించే అవకాశమే లేదు. 'ఈ రంగంలో తాజా ధోరణులు' అని పేరు పెట్టి కో-సైటేషన్ పటం చూపించే వ్యాసాలు నా కళ్లబడుతూనే ఉంటాయి. అవి చూపించేది తాజా వ్యాసాలు వెనక్కి తిరిగి దేన్ని చూస్తున్నాయో మాత్రమే.

ఇప్పుడు లెక్క. 50 రిఫరెన్సులున్న ఒక వ్యాసం ఎన్ని జంటల్ని పుట్టిస్తుంది? 50ని 49తో గుణించి సగం చేస్తే 1,225. అలాంటి వ్యాసాలు వెయ్యి ఉంటే 12 లక్షల పైచిలుకు జంటలు. ఇందులో చాలావరకు ఒక్కసారి కలిసి మళ్లీ ఎప్పుడూ కలవనివే. అందుకే ఒక గడప పెడతారు: కనీసం ఇన్నిసార్లు ఉదహరించిన రచనలే లోపలికి. ఆ గడప 10 దగ్గర పెడితే ఒక పటం, 30 దగ్గర పెడితే ఇంకో పటం. ఎక్కువగా పెడితే పేరున్న రచనలే మిగులుతాయి. అప్పుడు రంగం అసలుకన్నా ఏకతాటిపై ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అంచుల్లో ఉన్నవాళ్లను మనమే తీసేశాం.

ఇదే లెక్కలో చాలామంది దృష్టికి రాని మలుపు ఒకటుంది. 200 రిఫరెన్సులతో ఒక సమీక్షా వ్యాసం వచ్చిందనుకోండి. అది పుట్టించే జంటలు 19,900. అంటే ఒక్క సమీక్ష, 50 రిఫరెన్సుల వ్యాసాలు పదహారింటికి సమానంగా ఓటేస్తోంది. పైగా సమీక్షల పనే సంబంధం లేని పాయలన్నిటినీ ఒకచోటికి తేవడం. రంగం ఒక్కటవుతోందని పటం చెబుతుంటే, ఆ మాట చెబుతున్నది పరిశోధకులా, నాలుగు పెద్ద సమీక్షలా అని చూడాలి. ప్రతి వ్యాసం బరువునూ దాని రిఫరెన్సుల సంఖ్యతో భాగించి సర్దే పద్ధతి ఉంది. పటాలు గీసే వి.ఓ.ఎస్.వ్యూయర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో అది ఒక ఎంపిక మాత్రమే. ఎంచుకున్నారో లేదో వ్యాసంలో రాస్తే మేలు.

ఇంకో సర్దుబాటు ఇంకా ముఖ్యం. రెండు ప్రసిద్ధ రచనల్ని 400 సార్లు, 100 సార్లు ఉదహరించారు, కలిపి 40 సార్లు. రెండు చిన్న రచనల్ని 25 సార్లు, 16 సార్లు ఉదహరించారు, కలిపి 12 సార్లు. ఏ జంట దగ్గరిది? ఉత్త సంఖ్య చూస్తే మొదటిది. కానీ పేరున్నవాళ్లు అందరి జాబితాల్లోనూ ఉంటారు కాబట్టి కాకతాళీయంగానైనా ఎక్కువసార్లు కలుస్తారు. అందుకని కలిపి ఉదహరించిన సంఖ్యను, ఆ రెంటి మొత్తాల గుణకారపు వర్గమూలంతో భాగిస్తారు. దీన్ని కొసైన్ కొలత అంటారు. మొదటి జంటకు 40ని 200తో భాగిస్తే 0.2. రెండోదానికి 12ని 20తో భాగిస్తే 0.6. వరుస తారుమారైంది. ఈ ఒక్క మెట్టు దాటేస్తే పటం మధ్యలో గొప్పవాళ్లంతా ముద్దగా పేరుకుంటారు, అసలు బంధాలు ఎక్కడో అంచుల్లో ఉండిపోతాయి.

లెక్కకన్నా ముందు జరిగే చాకిరీ గురించి ఎవరూ ఎక్కువగా రాయరు. పటం నాణ్యత తేలేది అక్కడే అని నా నమ్మకం. డేటాబేస్‌లో రిఫరెన్సు అంటే ఒక అక్షరాల వరుస. మనిషి కంటికి ఒకే పుస్తకం, కంప్యూటర్‌కు పది. షుంపీటర్ ఆర్థికాభివృద్ధి సిద్ధాంతాన్నే తీసుకోండి. జర్మన్ మూలాన్ని కొందరు 1911 అని రాస్తారు, కొందరు 1912 అని. రెండో జర్మన్ ముద్రణ 1926. ఇంగ్లిష్ అనువాదం 1934. తర్వాత పునర్ముద్రణలు. రచయిత పేరు ఒకచోట ఒక ఇనిషియల్‌తో, ఇంకోచోట రెండు ఇనిషియల్స్‌తో. ఇవన్నీ వేర్వేరు రచనలుగా లెక్కలోకి వస్తాయి.

నేను మొదటిసారి గీసిన పటంలో ఈ పుస్తకం మూడు చుక్కలుగా కనిపించింది. మూడూ పక్కపక్కనే. ఒకే వ్యాసం మూడు ముద్రణల్నీ ఉదహరించదు కాబట్టి వాటి మధ్య గీతలు దాదాపు లేవు. కానీ మూడింటి చుట్టూ ఉన్న సావాసం ఒకటే, అందుకే ఒకే మూలకు చేరాయి. ఇంకొన్ని రూపాలు గడప కూడా దాటలేక రాలిపోయాయి. అన్నీ కలిపి మళ్లీ గీస్తే, చిన్నచిన్న చుక్కలు పోయి పటంలోకెల్లా పెద్ద చుక్కల్లో ఒకటి తేలింది. చుట్టుపక్కల ఉన్నవి జరిగాయి.

మరి అన్నిటినీ కలిపేయడమేనా? 1934 నాటి ఇంగ్లిష్ పుస్తకం 1926 ముద్రణ మీద ఆధారపడింది. ఆ ముద్రణలో షుంపీటర్ మొదటి పుస్తకంలోని ఏడో అధ్యాయాన్ని తీసేశాడు. సిద్ధాంత చరిత్ర రాసేవాడికి ఇవి రెండు వేర్వేరు పుస్తకాలు. వ్యవస్థాపకత రంగాన్ని మొత్తంగా చూసేవాడికి ఒకటే. అదే 1942లో ఆయన రాసిన పెట్టుబడిదారీ విధానం, సోషలిజం, ప్రజాస్వామ్యం గురించిన పుస్తకాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వీటితో కలపకూడదు. అందులో కొత్తదనం తెచ్చే పని ఒంటరి వ్యవస్థాపకుడి చేతుల్లోంచి పెద్ద సంస్థల నిపుణుల చేతుల్లోకి పోతోందన్న వాదన ఉంది. రచయితల స్థాయిలో పటం గీస్తే ఈ రెండు వాదనలూ ఒకే 'షుంపీటర్' చుక్కలో కలిసిపోతాయి. అందుకే రచయితల పటాల కన్నా రచనల పటాలంటేనే నాకు గురి.

వ్యాసాల్ని ఎలా ఎంచుకున్నారన్నది ఇంకో ముడి. 'ఆంత్రప్రెన్యూర్' అన్న మాటతో వెతికితే సమాజశాస్త్రంలో హోవార్డ్ బెకర్ 1963లో వాడిన 'మోరల్ ఆంత్రప్రెన్యూర్' కూడా వచ్చి పడుతుంది. అది నీతి నియమాల్ని సమాజం మీద రుద్దేవాళ్ల గురించి, వ్యాపారం గురించి కాదు. ఇంకోవైపు, స్వయం ఉపాధి మీద ఆర్థికవేత్తలు చేసిన పని, చిన్న సంస్థల మీద, కుటుంబ వ్యాపారాల మీద వచ్చిన పని ఆ మాట వాడకపోతే జారిపోతుంది. పోనీ ఈ రంగం పత్రికలనే తీసుకుందామా? 1985లో మొదలైన జర్నల్ ఆఫ్ బిజినెస్ వెంచరింగ్, 1989లో మొదలైన స్మాల్ బిజినెస్ ఎకనామిక్స్ లాంటివి తీసుకుంటే శుభ్రంగా ఉంటుంది. కానీ రంగంలో ఎక్కువ ప్రభావం చూపిన వ్యాసాలు కొన్ని ఈ పత్రికల్లో రాలేదు. షేన్, వెంకటరామన్ కలిసి రాసిన 2000 నాటి వ్యాసం, సరస్ సరస్వతి 2001 నాటి వ్యాసం రెండూ వచ్చింది అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ రివ్యూలో. కో-సైటేషన్‌లో అయితే ఇవి ఉదాహరింపుల రూపంలో లోపలికి వస్తాయి. కప్లింగ్‌లో మాత్రం బయటే ఉండిపోతాయి.

ఇంత జాగ్రత్త తీసుకున్నాక పటాలు ఏం చూపించాయి? 2006లో ఆంత్రప్రెన్యూర్‌షిప్ థియరీ అండ్ ప్రాక్టీస్ పత్రిక ఒకే సంచికలో ఇలాంటి అధ్యయనాలు కొన్ని అచ్చు వేసింది. అందులో గ్రెగ్వార్, ఆయన సహచరులు బాబ్సన్ కాలేజీ ఆధ్వర్యంలో జరిగే సదస్సు వ్యాసాల్ని తీసుకున్నారు. 1981 నుంచి 2004 దాకా 960 వ్యాసాలు, వాటిలో 20,184 రిఫరెన్సులు. పరిశోధకులు ఒకే భావనల చుట్టూ చేరుతున్నారా అన్నది వాళ్ల ప్రశ్న. చేరడం ఉంది కానీ అది అన్ని కాలాల్లో ఒకేలా లేదు, చేరిన కేంద్రాలు కూడా కాలంతో మారాయి. కార్నీలియస్, లాండ్‌స్ట్రోమ్, పెర్సన్ అదే సంచికలో పరిశోధన ముందంజలో ఉన్న గుంపుల్ని కాలక్రమంలో పోల్చారు. రంగం బయటివాళ్ల మీద ఆనుకోవడం తగ్గి తన సొంత సాహిత్యాన్నే ఎక్కువగా ఉదహరించుకుంటోందనీ, లోపల ప్రత్యేక శాఖలు ఏర్పడుతున్నాయనీ చూపించారు. దాన్ని వాళ్లు రంగం పరిణతికి సంకేతంగా తీసుకున్నారు.

ఇక్కడ నాకు కొంచెం భిన్నాభిప్రాయం ఉంది. సొంతవాళ్లను ఎక్కువ ఉదహరించడం పరిణతి కావచ్చు, తలుపులు మూసుకోవడమూ కావచ్చు. లెక్క రెండింటికీ ఒకేలా వస్తుంది. ఏదో తేల్చాలంటే వ్యతిరేక దిశలో కూడా చూడాలి: ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం తిరిగి ఈ రంగాన్ని ఉదహరిస్తున్నాయా? అప్పు తీసుకోవడం తగ్గి, ఇవ్వడం పెరిగితే అది ఎదుగుదల. రెండూ తగ్గితే అది వేరే కథ.

లాండ్‌స్ట్రోమ్, హరీర్చీ, ఆస్ట్రోమ్ 2012లో ఇంకో దారి పట్టారు. డేటాబేస్‌ను పక్కనపెట్టి, రంగం నిపుణులు రాసిన హ్యాండ్‌బుక్ అధ్యాయాల్లోని రిఫరెన్సుల్ని ఆధారం చేసుకున్నారు. పుస్తకాల్ని సరిగా పట్టుకోని డేటాబేస్‌ల బలహీనతను ఇది తప్పిస్తుంది. అయితే హ్యాండ్‌బుక్ అంటేనే రంగంలో కుదురుకున్నవాళ్లు చేసిన ఎంపిక. అందులోకి కొత్తగొంతు చేరడానికి సమయం పడుతుంది.

పటం చేతికొచ్చాక చూసే తీరు గురించి రెండు మాటలు. అందులో పైకీ కిందికీ, ఎడమకీ కుడికీ అర్థం లేదు. అద్దంలో చూసినట్టు తిప్పేసినా అదే పటం. వందల దిశల్లో ఉన్న దూరాల్ని కాగితం మీద రెండు దిశల్లోకి నొక్కేశారు కాబట్టి, పక్కపక్కన కనిపించిన రెండు చుక్కలు నిజంగా దగ్గరివో, చోటులేక ఇరుక్కున్నవో గీతలు చూస్తే గానీ తెలియదు. రంగు రంగుల గుంపులు ఎన్ని ఉండాలన్నది సాఫ్ట్‌వేర్‌లో ఒక సంఖ్య మారిస్తే మారిపోతుంది. ఆ గుంపులకు పెట్టిన పేర్లు మనిషి పెట్టినవే. మధ్యలో అందరితోనూ చుట్టరికం ఉన్న పెద్ద చుక్క కనిపిస్తే ముందు అది పద్ధతులకు సంబంధించిన వ్యాసమేమో చూడండి. కేస్ స్టడీల నుంచి సిద్ధాంతం కట్టడం గురించి ఐసెన్‌హార్ట్ 1989లో రాసిన వ్యాసం లాంటివి ప్రతి గుంపువాళ్లకూ కావాలి. అవి రంగం హృదయం కాదు, అందరూ వాడుకునే పనిముట్టు.

ఉదహరించినంత మాత్రాన చదివారనీ కాదు. ఒక ప్రచురణకర్త రచయితల కోసం ఇచ్చిన నమూనాలో, రిఫరెన్సు ఎలా రాయాలో చూపించడానికి ఒక కల్పిత వ్యాసం పేరు పెట్టారు. ఆ లేని వ్యాసం దాదాపు 400 పత్రాల్లో ఉదాహరింపుగా నమోదైందని ఆన్-విల్ హార్జింగ్ 2017లో బయటపెట్టారు.

ఇక ముందు వాయిదా వేసిన లోటు: సమర్థనా, వ్యతిరేకతా అన్నది సూచీ చెప్పకపోవడం. 1988లో విలియం గార్ట్‌నర్, 'వ్యవస్థాపకుడు ఎవరు' అని అడగడమే తప్పు ప్రశ్న అని రాశాడు. మనిషి గుణగణాలు వెతకడం ఆపి సంస్థ ఎలా పుడుతుందో చూడమన్నాడు. మెక్‌క్లెలాండ్ దారిలో సాగిన గుణాల పరిశోధన అంతటి మీదా అది దాడి. అదే ఏడాది అదే పత్రికలో కార్లాండ్, హోయ్, కార్లాండ్ కలిసి అది అడగదగిన ప్రశ్నే అని జవాబిచ్చారు. తర్వాత వ్యక్తిత్వం గురించి రాసేవాళ్లంతా మెక్‌క్లెలాండ్‌ను, గార్ట్‌నర్‌ను, ఈ జవాబునూ కలిపి ప్రస్తావించాల్సి వస్తుంది. కలిపి ప్రస్తావించారంటే పటంలో దగ్గరవుతారు. ఒకే రంగు, ఒకే గుంపు. తెలియనివాళ్లు చూస్తే మెక్‌క్లెలాండ్ శిష్యుడు గార్ట్‌నర్ అనుకుంటారు.

దీనికి సాఫ్ట్‌వేర్‌లో బటన్ లేదు. ఆ గీతను పుట్టించిన వ్యాసాల్లోంచి ఓ ఇరవై తీసుకుని, రెండు పేర్లూ వచ్చిన వాక్యాలు వెతికి, ఒక షీట్‌లో వరుసగా రాసుకోవాలి. పక్కన ఒక గడిలో: ఆధారంగా తీసుకున్నారా, ఖండించారా, 'ఫలానావాళ్లు కూడా అన్నారు' అని ఊరికే దాటేశారా. మొదటి పది వాక్యాలు రాసేసరికే ఆ గీత దేనితో చేసిందో తెలిసిపోతుంది. పటంలో లావుగా ఉన్న ప్రతి గీతకూ ఈ పని చేయలేం. మన తీర్మానం ఏ అయిదారు గీతల మీద నిలబడి ఉందో వాటికైనా చేసి, ఆ షీటును పటంతోపాటు పాఠకుల ముందు పెట్టవచ్చు. ఒక్కో గీతకు ఒక రోజు పడుతుంది.